వినడం గురించిన అధ్యాయం

ఆ ఇంట్లో టిఫిన్ కంటే ముందు బల్ల మీదికి పుస్తకం వచ్చేది. తండ్రి స్నానం చేసి, తల నున్నగా దువ్వుకుని, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఒక పక్క టీ గ్లాసు, ఇంకో పక్క పుస్తకం, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఆయన చదివినంతసేపూ ఎవరూ రొట్టె ముక్క తుంచకూడదు.

ఆయనకు కార్ల డెంటింగ్ షెడ్డు ఉంది. గుద్దుకుని సొట్టలు పడిన డోర్లూ బానెట్లూ ఆయన సుత్తి కిందికి వెళితే కొత్తవాటిలా బయటికొచ్చేవి. అందుకే వీధిలో అందరూ ఆయన్ని ‘సుత్తి’ అనేవారు. పుస్తకాలు పట్టాక ఆ పేరుకు రెండో అర్థం కూడా బాగా అతికింది. “సుత్తి వస్తున్నాడ్రోయ్, ఇవాళ ఏ చాప్టరో!” అనుకుంటూ జనం పక్క సందులోకి తిరిగేవారు. ఇంట్లోవాళ్లకు తిరగడానికి సందు లేదు.

ఆ పుస్తకాలను ఇంటికి తెచ్చింది కూతురే. చిన్నప్పుడు గింజంత ఉండి గొంతు మాత్రం ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఉండేదని అందరూ ఆమెను పిచ్చుక అనేవారు. ఇప్పుడు పుస్తకాల షాపులో ఉద్యోగం. మనస్తత్వం, వ్యక్తిత్వ వికాసం, వ్యాపారం, ఈ మూడు అరలూ ఆమెవే. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం గురించి ఒక పుస్తకం రాగానే తనే కొని నాన్న చేతిలో పెట్టింది. చదివితే మారతాడని ఆశ. ఆయన చదివాడు. అది అయిపోగానే ఇంకోటి తెమ్మన్నాడు. మార్పు ఒక్కటే వచ్చింది. ఇంతకుముందు కొట్టి ఊరుకునేవాడు. ఇప్పుడు కొట్టాక, ఎందుకు కొట్టవలసివచ్చిందో వివరిస్తున్నాడు.

“ఇవాళ్టి విషయం, వినడం,” అన్నాడు ఆ పొద్దున, పేజీ తిప్పి. “శ్రద్ధగా వినండి. ‘ఎదుటి మనిషి మాటను చివరిదాకా వినడమే ఆ మనిషికి మనం ఇవ్వగల పెద్ద మర్యాద.’ ఆహా! ఎంత బాగా చెప్పాడు!” అంటూ ఆ వాక్యం కింద గట్టిగా గీత గీశాడు. “ఏరా, ఏం చెప్పాను?”

కొడుకు తల ఎత్తకుండా అప్పజెప్పాడు. షెడ్డులో తండ్రి కిందే పని చేస్తాడు. మనిషి తండ్రి కంటే జానెడు పొడుగు. కానీ ఆ బల్ల దగ్గర కూర్చుంటే భుజాలు ముడుచుకుపోయి బడిపిల్లాడిలా కనిపిస్తాడు.

“నువ్వు చెప్పవే, నేనేం చదివాను?”

ఆ ప్రశ్న తల్లికి. ఆవిడ స్టవ్వు ముందు నిలబడి గుడ్లు వేయిస్తోంది. పలకలేదు.

“అమ్మా,” అన్నాడు కొడుకు మెల్లగా.

“నువ్వు అందించకు! ఏయ్, నిన్నే!”

ఆవిడ పెనం మీది గుడ్డును తిరగేసింది. అంతే, టీ గ్లాసు గాల్లోకి లేచింది. ఆవిడ మోచేతికి తగిలి, వేడి టీ చెయ్యంతా చిమ్మి, గ్లాసు గోడకు కొట్టుకుని పగిలింది. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ముందు కొడుకు ముఖం చూసింది, తర్వాత కూతురి ముఖం చూసింది.

“పిలిచారా?”

“చూశారా? చూశారా మీరిద్దరూ?” అంటూ ఆయన లేచి వెళ్లి, రెండు వేళ్లతో ఆవిడ దవడ పట్టుకుని ముఖాన్ని తనవైపు తిప్పుకున్నాడు. “మొగుడు మాట్లాడుతుంటే గోడకేసి చూడటం! దీన్ని పుస్తకంలో ఏమంటారో తెలుసా? మౌనంతో చేసే దాడి అంటారు. నేను చేత్తో చేస్తే అది కనిపిస్తుంది. నువ్వు చేసేది కనపడదు.”

కొడుకు కుర్చీ నేల మీద గీసుకుంది.

“కూర్చో,” అన్నాడు తండ్రి, అటు చూడకుండానే. కొడుకు కూర్చున్నాడు.

మగవాళ్లిద్దరూ షెడ్డుకి వెళ్లాక పిచ్చుక తల్లి చేతిని నీళ్ల కింద పట్టింది. బొబ్బలు లేస్తున్నాయి. దవడ మీద వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి.

“ఎందుకమ్మా పలకవు? ఒక్కసారి ‘ఊఁ’ అంటే పోయేదానికి!” విసుగ్గా అంది.

“ఏదో ఆలోచనలో ఉండిపోయానే,” అంది తల్లి.

ఎప్పుడూ అదే జవాబు. అమ్మకి పరధ్యానం ఎక్కువని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పరధ్యానం మీద పిచ్చుకకి కూడా లోపల్లోపల కోపం ఉంది. పలికితే ఇన్ని దెబ్బలు తప్పేవి కదా అని.

షాపులో ఆ పూట రద్దీ లేదు. టై కట్టుకున్న ఒకాయన వ్యాపారం అర దగ్గర నిలబడి, ప్రతి పుస్తకాన్నీ మధ్యలో తెరిచి రెండు వాక్యాలు చదివి మూసేస్తున్నాడు. ఒక నర్సు వచ్చి, “పెద్ద పెద్ద సిద్ధాంతాలు వద్దండీ, రేపు డ్యూటీలో పనికొచ్చే మాట ఒక్కటుంటే చాలు,” అని అడిగి ఒక పలచటి పుస్తకం పట్టుకెళ్లింది. ఇంకో పెద్దాయన పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. “ఇది రాసినాయనకి జీవితంలో ఒక్క తప్పూ జరగలేదమ్మా! అలాంటివాడితో నాకేం పని?” అన్నాడు.

ఆయన వెళ్లాక షాపు యజమానురాలు నవ్వింది. “విన్నావా పిచ్చుకా? వాళ్లకి కావలసింది సలహా అనుకుంటాం. కాదు. ‘ఇలా ఉన్నది నేనొక్కణ్నే కాదు’ అన్న ధైర్యం. ఆ మాట ఒక్క పేజీలో దొరికితే మిగతా పుస్తకమంతా క్షమించేస్తారు.”

“మా నాన్నకి ఏం దొరుకుతుందంటారు మేడమ్?”

ఆవిడ పిచ్చుక చేతి మీద పాత గాయపు మచ్చ చూసి, చూపు తిప్పుకుంది. “తను అనేదే ఎవరో అచ్చు వేశారన్న సంతోషం,” అంది.

మధ్యాహ్నం భోజనానికి షాపు మూసే వేళకి తల్లి క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఇద్దరూ కలిసి షెడ్డుకి నడిచారు. కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, ఎప్పటిలాగే ఆవిడ పిచ్చుకని తన కుడిపక్కకి లాక్కుని నడిచింది.

షెడ్డు గుమ్మంలోకి రాగానే అరుపులు వినిపించాయి. కంప్రెసర్ హోరెత్తిపోతోంది. నీలం కారు ఒకటి మధ్యలో ఉంది. దాని డోర్ మీద వేసిన కొత్త పెయింటు బుడగలుగా పొంగింది. కారు సొంతదారు మూలన నిలబడి, “పర్లేదండీ, మళ్లీ వేయించుకుంటా, వదిలేయండి,” అంటున్నాడు. ఎవరూ వినడం లేదు. తండ్రి చేతిలో రబ్బరు గొట్టం ఉంది. కొడుకు చొక్కా వీపు మీద చిరిగి, ఎర్రటి వాతలు కనిపిస్తున్నాయి.

“తడి ఆరకుండా పెయింటు కొట్టమని ఎవరు చెప్పార్రా నీకు?” గొట్టం మళ్లీ దిగింది. “ఇది నీ మీద కాదు! నీ తప్పు మీద! తప్పుని మనిషి నుంచి విడదీసి చూడమన్నాడు పుస్తకంలో. నేను విడదీసే కొడుతున్నాను!”

“అన్నయ్యా, చాలు,” అని బతిమాలుతున్నాడు బాబాయి. ఆయన అదే షెడ్డులో పెయింటరు. మాస్కు మెడకి వేలాడుతోంది. దగ్గరికి వెళ్లే ధైర్యం మాత్రం లేదు.

తల్లి క్యారియర్ కింద పెట్టి కొడుకు వైపు పరిగెత్తింది.

“అక్కడే ఉండు! ఇటు రాకు!” అని అరిచాడు తండ్రి. ఆయన ఆవిడకు ఎడమవైపున ఉన్నాడు. ఆవిడ ఆగలేదు, తల కూడా తిప్పలేదు. వెనక్కి ఎత్తిన గొట్టం కొసన ఇత్తడి బిరడా ఉంది. అది ఆవిడ కణతకి తగిలింది. ఆవిడ తూలి, ఇనప బల్ల అంచు మీద పడి, అక్కణ్ణించి నేల మీదికి జారింది. తెల్లటి సిమెంటు మీద రక్తం గబగబా పాకింది.

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఆ క్షణంలోనే ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో. కానీ ఆయనకు తెలిసిన దారి ఒక్కటే. “చెప్తే వినదు! జన్మలో వినదు!” అని అరుస్తూ మళ్లీ చెయ్యెత్తాడు.

కొడుకు ఆ చేతిని గాల్లోనే పట్టుకున్నాడు. గొట్టం లాగి అవతల పారేశాడు. తర్వాత పిడికిలి బిగించి తండ్రి ముఖం మీద గుద్దాడు.

ఆ చప్పుడు కంప్రెసర్ హోరులో కూడా వినిపించింది. తండ్రి నీలం కారు బానెట్ మీద వెల్లకిలా పడ్డాడు. కళ్లజోడు ఎగిరిపోయింది. కొడుకు కాలరు పట్టి లేపి ఇంకోటి గుద్దాడు. “ఇది నీ మీద కాదు నాన్నా!” ఇంకోటి. “నీ తప్పు మీద!” ఇంకోటి. “విడదీసే కొడుతున్నా! చూసుకో, సరిగ్గా విడదీశానా?” తండ్రి నోట్లోంచి రక్తం, పన్ను ముక్క బానెట్ మీద పడ్డాయి. దవడ పక్కకి వేలాడింది. ఆయన ఏదో అనబోయాడు. మాట రాలేదు. కొడుకు పక్కనున్న సుత్తి అందుకున్నాడు.

బాబాయి అప్పుడు కదిలాడు. వెనక నుంచి రెండు చేతులా వాటేసుకుని వేలాడాడు. కారు సొంతదారు బయటికి పరిగెత్తాడు. పిచ్చుక ముందుకి ఉరికి, తండ్రికీ సుత్తికీ మధ్య నిలబడింది.

“అన్నా, వద్దు!”

కొడుకు ఖాళీగా ఉన్న చేత్తో ఆమె చెంప మీద లాగి కొట్టాడు. పెదవి చిట్లింది. “అడ్డం రాకు! చెప్తే వినవా?” అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే బాబాయి కాలు తగిలి ప్లగ్గు ఊడి, కంప్రెసర్ ఆగిపోయింది. ఆ మాట షెడ్డంతా వినిపించింది. అరిచిన కొడుక్కి కూడా వినిపించింది. చెల్లెలి గడ్డం మీద కారుతున్న రక్తం వైపు చూశాడు. తన అరచేతి వైపు చూసుకున్నాడు. సుత్తి జారి పడింది. వచ్చి చెల్లెలి ముఖం ముట్టుకోబోతే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు చూసి వాడు గిర్రున తిరిగి వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆసుపత్రిలో తల్లికీ తండ్రికీ పక్కపక్క మంచాలు దొరికాయి. తండ్రికి దవడ రెండు చోట్ల విరిగింది. పళ్లకు తీగలు చుట్టి, నోరు మూసి బిగించేశారు. ఎలా జరిగిందని డాక్టరమ్మ అడిగితే, “కారు కింద జాకీ జారిందండీ,” అన్నాడు బాబాయి.

“జాకీ కాదు,” అంది తల్లి. నుదుటికి కుట్లు వేయించుకుని కూర్చుని ఉంది. “ఈయన నన్ను కొట్టారు. మా అబ్బాయి ఈయన్ని కొట్టాడు. అలాగే రాసుకోండి.”

బాబాయి తల దించుకున్నాడు. డాక్టరమ్మ రాసుకుంది. తర్వాత కుట్లు చూడటానికి ఆవిడ ఎడమపక్కకి వచ్చి ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ ఆ చెవి దగ్గర వేళ్లతో చిటికెలు వేసింది. ఆవిడ కదలలేదు. డాక్టరమ్మ చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చింది.

“అమ్మా, మీకు ఆ చెవి వినపడటం లేదు. ఇవాళ్టి దెబ్బకేనా?”

“కాదండీ. పాతదే. మా పిల్ల బళ్లో చేరిన ఏడు.”

“ఏం జరిగింది?”

“చెంపదెబ్బ,” అంది ఆవిడ, జలుబు చేసిందన్నంత మామూలుగా. “ఆ రాత్రంతా చెవిలో ఈల వేసినట్టుండేది. తర్వాత ఆ ఈల కూడా ఆగిపోయింది.”

నడిచేటప్పుడు అమ్మ తనను ఎప్పుడూ కుడిపక్కకే ఎందుకు లాక్కుంటుందో, పిలిస్తే ముందు అందరి ముఖాలూ ఎందుకు చూస్తుందో, పిచ్చుకకి ఒక్కసారిగా అర్థమైంది. ఇన్నేళ్ల పరధ్యానం. ఇన్నేళ్ల దెబ్బలు. ఆ దెబ్బల్లో తన విసుగు కూడా ఉంది.

“ఎందుకమ్మా చెప్పలేదు?”

తల్లి కూతురి చిట్లిన పెదవి మీద వేలు ఆనించింది. “చెప్తే, ఇంకో చెవి ఉందిగా అని భయం.”

పక్క మంచం మీంచి ఒక శబ్దం వచ్చింది. తీగలు బిగించిన పళ్ల మధ్య నుంచి, గొంతు లోపల నుంచి, మాట కాని శబ్దం. తండ్రి దుప్పటిని రెండు పిడికిళ్లతో పట్టుకుని కప్పుకేసి చూస్తున్నాడు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తల్లి అటు తిరగలేదు. ఆవిడ ఎడమ చెవి ఆయన వైపుంది.

మర్నాడు పోలీసులు వచ్చారు. కొడుకు మీద ఫిర్యాదు ఉందా అని తండ్రిని అడిగితే, లేదని గట్టిగా తల అడ్డంగా ఊపాడు. భర్త మీద ఫిర్యాదు ఉందా అని తల్లిని అడిగారు. “ఉంది. ఇస్తానో లేదో ఆలోచించి చెప్తాను,” అంది ఆవిడ. పిచ్చుక తన తల్లి నోట అలాంటి మాట ఎన్నడూ వినలేదు.

ఇంటికి వెళ్లే రోజున కూడా ఆవిడే మాట్లాడింది. భర్త ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ చెప్పింది. “మీరు ఇంటికి రావద్దు. షెడ్డు మీద గది ఉంది. అక్కడుండండి. ద్రవాహారం అమ్మాయి తెస్తుంది. నేను రమ్మన్నప్పుడు రండి. రమ్మనకపోతే లేదు.” ఆయన తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు, నోరు కట్టేసి ఉంది. కానీ ఆ ఊపడంలో మొండితనం లేదు.

పిచ్చుక సూపు తీసుకెళ్లిన మొదటిరోజు ఆయన వినడం గురించిన అధ్యాయం ఉన్న పుస్తకం చూపించి, పైకి చదవమని సైగ చేశాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. పుస్తకం లాక్కుంది. పేజీలు తిప్పుతూ ఆయన గీసిన ఎర్ర గీతలన్నీ చదివేసింది. నిర్లక్ష్యం చేసేవాళ్లను ఎలా దారికి తేవాలి. బద్ధకస్తులను ఎలా గుర్తించాలి. మాట వినని మనిషి మనసులో ఏముంటుంది.

“ఇదంతా అమ్మ గురించి, అన్న గురించి, నా గురించి! ఇంత లావు పుస్తకంలో నీ గురించి ఒక్క మాట కూడా కనపడలేదా నాన్నా? నేను ఎవరి కోసం కొన్నాననుకున్నావు?” పుస్తకం ఆయన ముఖం ముందు ఆడించింది. “నీ కోసం కొన్నాను. నువ్వు దాన్ని కూడా గొట్టం చేసుకున్నావు.”

ఆమె కోపంగా వినడం గురించిన ఆ అధ్యాయం చివరి పేజీ తెరిచింది. అక్కడ గీతలే లేవు. గట్టిగా చదివింది. “‘నా భార్య నాతో మాట్లాడటం మానేసిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎందుకంటే ఆ ఏళ్లన్నీ నేనే మాట్లాడుతున్నాను. ఈ అధ్యాయం మీకంటే ముందు నాకోసం రాసుకున్నాను.’”

ఆయన చెయ్యి చాచాడు. పుస్తకం తీసుకుని ఆ పేజీని తనే చదువుకున్నాడు. పెన్సిలు చెవి మీదే ఉంది. తియ్యలేదు. భుజాలు కదిలిపోతుంటే పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పిచ్చుక వీపు నిమరలేదు. అలాగని వెళ్లిపోనూ లేదు. సూపు చల్లారేదాకా ఎదురుగా కూర్చుంది.

అన్న బాబాయి ఇంట్లో ఉంటున్నాడు. ఒక సాయంత్రం షాపు బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. ఆమే బయటికి వెళ్లింది. ఈసారి వెనక్కి అడుగు వెయ్యలేదు.

“పెదవి మానిందా?”

“మానింది.”

“నాన్నని కొట్టినందుకు ఏడుపు రావడం లేదే. నిన్ను కొట్టేటప్పుడు నా నోట్లోంచి వచ్చింది చూడూ, అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.” కాసేపు కాలితో నేల గీశాడు. “ఏదైనా పుస్తకం ఉందా? నాన్న గురించి వద్దు. నా గురించి రాసింది.”

ఆమె అరలో వెతికి, తన తప్పులు దాచుకోని మనిషి రాసిన పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది. “చదవడం ఒక్కటీ చాలదన్నా. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకావిడ పేరు చెప్పింది, కోపం గురించి మాట్లాడే డాక్టరు. నేనూ వస్తాను, పద.” వాడు తల ఊపి, నడిరోడ్డు మీద భోరుమన్నాడు.

తండ్రి దవడ తీగలు తీసేశాక తల్లి కబురు పంపింది, పొద్దున్నే రమ్మని. కొడుకుని కూడా రమ్మంది. బల్ల మీద రొట్టె, గుడ్లు, టీ ఉన్నాయి. పుస్తకం లేదు. తండ్రి సగం చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. గుమ్మంలో కొడుకుని చూసి ఆగాడు. కొడుకు గోడకి అంటుకుపోయాడు. అందరూ ఆ నోటి వైపే చూస్తున్నారు, మొదటి మాట ఏం వస్తుందా అని.

“నువ్వు కొట్టినందుకు కాదురా నా బాధ,” అన్నాడు. మాట ఇంకా వంకరగా వస్తోంది. “అచ్చం నాలాగే కొట్టావు. అదొక్కటి... అది నువ్వు వదిలెయ్యి నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా.” నిజంగానే వంగబోయాడు. కొడుకు పరుగున వచ్చి పట్టుకున్నాడు. తండ్రీకొడుకులు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. పిచ్చుక కొంగు నోట్లో కుక్కుకుంది.

తల్లి ఏడవలేదు. “కూర్చోండి,” అంది. ముగ్గురూ కూర్చున్నారు. ఆయన ఆవిడ వైపు తిరిగి, “నేను ఏం చెప్పాలో...” అని మొదలుపెట్టబోయాడు.

“మీరేం చెప్పద్దు. ఇవాళ నేను చెప్తాను.”

చెప్పింది. ఆ చెంపదెబ్బ పడిన రోజు ఏ చీర కట్టుకుందో, ఎందుకు కొట్టాడో, మర్నాడు పొద్దున పిచ్చుక తన ఎడమ పక్క పడుకుని ఏడుస్తుంటే వినపడక ఎంతసేపు పట్టించుకోలేదో చెప్పింది. పెదాలు చూసి మాటలు పట్టుకోవడం ఎలా నేర్చుకుందో చెప్పింది. కొడుకు రొట్టె ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది. తండ్రి రెండు చేతులూ ముఖానికి కప్పుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆవిడ ఒకసారి ఆయన వంక చూసింది. ఆయన ఏడుపు తగ్గేదాకా ఆగలేదు. చెప్పుకుంటూ పోయింది.

షెడ్డు తెరిచే వేళ దాటిపోయింది. గొంతు బొంగురుపోతే ఆవిడ లేచి నీళ్లు తాగింది.

“ఇప్పుడు గదికి వెళ్లండి,” అంది ఆయనతో. “రేపు పొద్దున రండి. ఇవాళ సగమే చెప్పాను.”

ఆయన లేచి చేతులు జోడించాడు. “వస్తాను,” అన్నాడు. ఇంకొక్క మాట మాట్లాడలేదు.